చివరి గుర్తు ఎవరు నిర్ణయించాలి?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చావు గురించీ నగల గురించీ ఒకే ప్రసంగంలో మాట్లాడతానంటే ఈ సమావేశం ఏర్పాటు చేసినవాళ్లు కాస్త ఆశ్చర్యపోయారు. కానీ ఈ రెండింటికీ ఉన్న సంబంధం మనకి కొత్త కాదు. మన ఇళ్లలో మగవాడు పోతే ఆ చావు లోకానికి కనిపించేది అతని భార్య ఒంటిమీదే.

మా పెద్దనాన్న పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పదోరోజు తెల్లవారకముందే పెద్దమ్మకి పసుపు రాసి, పూలు పెట్టి, చేతులనిండా మట్టిగాజులు తొడిగారు. తర్వాత వాటినే పగలగొట్టారు. బొట్టు చెరిపారు, పుస్తెలు తీశారు. "ఈ బంగారు గాజులు రెండూ ఉంచండమ్మా, మా అమ్మ పెట్టినవి" అని ఆమె అడిగింది. ఎవరూ వినలేదు. ఆ పని చేసింది కూడా ఆడవాళ్లే, అంతకుముందు తమకీ అదే జరిగినవాళ్లు. పితృస్వామ్యం తన పనిని మన చేతులతోనే చేయిస్తుందని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు నేను పూసలతో, ఎర్రమట్టితో నగలు చేస్తాను. ఈ పనిలో పడ్డాక, వేరే దేశాల ఆడవాళ్లు అంత్యక్రియల్నీ, ఒంటిమీద పెట్టుకునే గుర్తుల్నీ తమ చేతుల్లోకి ఎలా తీసుకున్నారో తెలుసుకోవడం మొదలుపెట్టాను.

అమెరికా, బ్రిటన్‌లలో తమని తాము 'పేగన్లు' అని చెప్పుకునే వాళ్లున్నారు. క్రైస్తవానికి ముందునాటి ప్రకృతి ఆరాధన నుంచి స్ఫూర్తి తీసుకున్న చిన్న చిన్న బృందాలు వీళ్లవి. లాటిన్‌లో ఆ మాటకి మూలం పల్లెటూరివాడని. తర్వాత క్రైస్తవులు కానివాళ్లని తక్కువ చేసి పిలిచే మాటయింది. ఆ మాటనే వీళ్లు తమ పేరుగా పెట్టుకున్నారు. వీళ్లలో 'విక్కా' అనే శాఖవాళ్లు చాలామంది 'మంత్రగత్తె' అన్న మాటని కూడా అలాగే తీసుకున్నారు. బాణామతి, చేతబడి నెపంతో ఆడవాళ్లని కొట్టి చంపడం చూసిన మనకి ఆ మాట బరువు ఎంతో తెలుసు.

వాళ్ల మతాన్ని ప్రచారం చెయ్యడానికి నేను రాలేదు. నన్ను ఆకర్షించింది వాళ్లు చావుకి సిద్ధపడే తీరు. 1997లో స్టార్‌హాక్, మాచా నైట్‌మేర్ అనే ఇద్దరు స్త్రీలు రీక్లెయిమింగ్ అనే బృందంతో కలిసి మరణం గురించి, మరణించినవాళ్లకి జరిపే కర్మల గురించి ఒక పుస్తకమే తెచ్చారు. వాళ్లకి అందరూ పాటించి తీరాల్సిన ఒకే శాస్త్రం లేదు. అందరూ వలయంగా నిలబడతారు. నాలుగు దిక్కుల్నీ, మట్టి, గాలి, నిప్పు, నీళ్లనీ తలచుకుంటారు. పోయిన మనిషి గురించి ఎవరి జ్ఞాపకం వాళ్లు చెప్పుకుంటారు. కర్మ జరిపించేది స్త్రీ కావచ్చు. పోయిన మనిషి ఏం కోరుకుంది అన్నదే అక్కడ పెద్ద ప్రశ్న.

ఆ హక్కు కూడా ఊరికే రాలేదు. నెవడా రాష్ట్రానికి చెందిన సార్జెంట్ పాట్రిక్ స్టీవర్ట్ 2005 సెప్టెంబరులో ఆఫ్ఘనిస్తాన్‌లో హెలికాప్టర్ కూల్చివేతలో చనిపోయాడు. అతను విక్కా మతస్థుడు. అప్పట్లో సైనికుల సమాధుల మీద ముప్పైకి పైగా మత చిహ్నాలకి అనుమతి ఉండేది గానీ, వీళ్ల అయిదుకోణాల నక్షత్రానికి ఉండేది కాదు. చాలామంది మెడలో లాకెట్‌గా వేసుకునే గుర్తే అది. అతని భార్య రొబెర్టా స్టీవర్ట్ ఖాళీ ఫలకానికి ఒప్పుకోలేదు. 2006లో సైనికుల స్మారక దినాన తన భర్తకి వేరుగా సంస్మరణ సభ జరిపించుకుంది. సెలీనా ఫాక్స్ అనే పేగన్ పురోహితురాలు ఆమెకి తోడు నిలిచింది. ఆ ఏడాది నవంబరులో కోర్టుకెక్కారు. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వం దిగివచ్చి ఆ చిహ్నాన్ని జాబితాలో చేర్చింది. భర్త చావు దగ్గర ఏ గుర్తు ఉండాలో ఒక వితంతువు నిర్ణయించింది. మా పెద్దమ్మకి రెండు గాజులు నిర్ణయించే వీలు కూడా లేకపోయింది.

ఇక నగల సంగతి. 1787లో ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక చిన్న పతకం చేయించాడు. సంకెళ్లతో మోకాళ్లమీద కూర్చుని వేడుకునే నల్లజాతి మనిషి బొమ్మ అది. ఓటుహక్కు లేని ఆడవాళ్లు దాన్ని కంకణాల్లో, జడపిన్నుల్లో పొదిగించుకుని తమ మాట అలా చెప్పారు. అది మంచి పనే. కానీ ఆ బొమ్మలో మనిషి మోకాళ్లమీదే ఉన్నాడు. ఇంకొకరి బాధని మన నగలో చెక్కేటప్పుడు ఆ మనిషిని నిలబెడుతున్నామా, కూలబెడుతున్నామా అని అడుక్కోవాలి.

దానికి భిన్నమైనది హాలోవే బ్రోచ్. ఓటుహక్కు కోసం జైలుకెళ్లిన స్త్రీలకి 1909 నుంచి ఇచ్చిన వెండి పిన్ను ఇది. రూపకల్పన చేసింది సిల్వియా పాంక్‌హర్స్ట్, ఆమె స్వయంగా జైలుకెళ్లి వచ్చిన మనిషి. దానిమీద పార్లమెంటు చిహ్నమైన ఇనుప జాలితలుపు, ఖైదీల బట్టలమీద ముద్రించే బాణం గుర్తు ఉంటాయి. అవమానం కోసం వేసిన ముద్రని వాళ్లు గౌరవంగా గుండెలమీద పెట్టుకున్నారు. 1913 జూన్‌లో ఎప్సమ్ గుర్రప్పందెంలో రాజుగారి గుర్రం కిందపడి ఎమిలీ డేవిసన్ మరణించినప్పుడు, 14వ తేదీన వేలాదిమంది స్త్రీలు లండన్ వీధుల్లో ఆమె శవపేటికతో నడిచారు. ఆ అంతిమయాత్రని వరస వరసా ఏర్పాటు చేసింది స్త్రీలే.

మరి మనం? 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామసభ, గాజులు పగలగొట్టడం, పుస్తెలు తీయడం, బొట్టు చెరపడం ఆపాలని తీర్మానించింది. మన గ్రామసభల్లోనూ ఇది పెట్టించవచ్చు. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. పదోరోజున వలిచిన బంగారం ఎవరి బీరువాలోకి పోతోందో మన కార్యకర్తలు అడగాలి. కొడుకే తలకొరివి పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. అన్నిటికంటే ముందు, మన చావు గురించి మన కోరికలు బతికుండగానే రాసి, నమ్మినవాళ్ల దగ్గర ఉంచాలి. అశుభం అని నోరు మూసుకుంటే మన తరఫున ఇంకెవరో మాట్లాడతారు.

మా పెద్దమ్మ మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిచి, "ఒసే, నీ మట్టిగాజులు నాకు రెండు చేసిపెట్టవే. పోయేటప్పుడు వేసుకుపోతాను" అంది. చేశాను. వాటిమీద పువ్వులు వద్దంది, తన పేరు చెక్కమంది. ఆమె పోయిన రోజు బంధువులు గొణిగారు. మా అక్క వినలేదు. తనే నీళ్లు పోసి, బొట్టుపెట్టి, ఆ గాజులు తొడిగి, తనే కొరివి పెట్టింది.

మర్నాడు బూడిదలో ఆ గాజులు దొరికాయి. ఒకటి పగిలింది, రెండోది నిప్పులో ఇంకా గట్టిపడింది. అది ఇదిగో, నా చేతికే ఉంది. చూసి పక్కవాళ్లకి అందించండి.