సత్యాన్వేషి నేర్పు పాఠము
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



టెలివిజను పిల్లల చదువును చెరచుచున్నదని మీరు తరచు మాతో చెప్పుచుందురు. అది కొంతవరకు నిజమే. కాని అందు మేలైనదియు కలదు. 1993లో దూరదర్శన్ ‘బ్యోమకేశ్ బక్షీ’ అను అపరాధ పరిశోధక కథలను హిందీలో ప్రసారము చేసెను. బాసు ఛటర్జీ దర్శకుడు. రజిత్ కపూర్ కథానాయకుడు. వీనికి మూలము శరదిందు బంద్యోపాధ్యాయ 1932 నుండి వంగభాషలో వ్రాసిన కథలు.

బ్యోమకేశ్ తన్ను డిటెక్టివు అని పిలిపించుకొనుటకు ఇష్టపడడు, ‘సత్యాన్వేషి’నని చెప్పుకొనును. అతని బలము ఆయుధము కాదు, పరిశీలన. చూచినదానిని గుర్తుంచుకొని, కారణమును వెదకి, తొందరపడక నిర్ణయమునకు వచ్చును. గణితమునందును, విజ్ఞానశాస్త్రమునందును మేము మీ పిల్లలకు నేర్పగోరునది ఈ పద్ధతినే.

మనబోటివారు గమనింపదగినది మరొకటి కలదు. శరదిందు 1938లో సినిమా కథలు వ్రాయుటకై బొంబాయి వచ్చి, 1952లో పుణే చేరి, జీవితాంతము మహారాష్ట్రముననే నివసించెను. అయినను వ్రాసినది మాతృభాషలోనే. ఆ కథలే పిదప దేశమంతటికిని చేరినవి.

మన పెద్దలు కాగితపు మిల్లును, బొగ్గు గనులను నమ్ముకొని బల్లార్‌పూర్ వచ్చిరి. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మన పిల్లలకు అవసరమే. వానికొరకు తెలుగు బడి మాన్పింపదలచినవారు ఒకమారు ఆలోచింపుడు. తన భాషలో చక్కగా ఆలోచించువాడు పరభాషను సుళువుగా పట్టుకొనును.

మా మనవి యొక్కటే. పిల్లలు కథ చూచిన రాత్రి దానిని తెలుగులో చెప్పించుకొనుడు. దోషి యెవరు, ఎట్లు తెలిసెనని అడుగుడు. ఒక పుట వ్రాయించి పంపుడు; మేము దిద్ది యిచ్చెదము.