మఫ్లరు ఎవరి మెడకు?



దసరా సరదాలు తీరి దీపావళి దగ్గర పడిందంటే చాలా ఇళ్ళలో ఊలు సంచి అటకమీంచి కిందికి దిగుతుంది. సంక్రాంతికి అందరం కలుస్తాం కదా, అప్పటికి తలా ఒక మఫ్లరు అల్లి ఇద్దామని ఉత్సాహపడతాం. తీరా భోగి నాటికి చూస్తే ఒకటి సగంలోనూ, మరొకటి పావులోనూ ఉంటాయి. చివరికి బజారుకు పరుగెత్తి ఏదో ఒకటి కొని ఇవ్వడం జరుగుతుంది. అందుకని ఈ వేళ అల్లిక గురించి కొంత, సూదులు పట్టుకునే ముందు ఆలోచించుకోవలసిన సంగతి గురించి కొంత ముచ్చటిద్దాం.

"మన ఊళ్ళలో అంత చలి ఎక్కడిదండీ?" అంటారేమో! లంబసింగిలోనూ, ఆదిలాబాదు వైపూ డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగుతూ ఉంటుంది. హైదరాబాదులో పగలు ఎండ కాసినా తెల్లవారుజామున చెవులు జివ్వుమంటాయి. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగిసే ధనుర్మాసమే మనకు అసలైన చలికాలం. సంక్రాంతినాడు మఫ్లరు ఇస్తే, వెళ్ళిపోతున్న చలికి వీడ్కోలు చెప్పినట్టే! కనుక నెల పట్టకముందే ఇచ్చెయ్యండి. పండగ కానుక ముందుగా అందిందని ఎవరూ కోప్పడరు.

ఇక లెక్క చూద్దాం. పెద్దవారి మఫ్లరు 60 అంగుళాల పొడవు, 7, 8 అంగుళాల వెడల్పు ఉంటే సరిపోతుంది. కాస్త చెయ్యి తిరిగినవారు గంటకు 4 అంగుళాలు అల్లగలరనుకుందాం. అంటే 15 గంటల పని. వంట, పిల్లల చదువులు, వచ్చేపోయేవాళ్ళు - వీటి మధ్య రోజుకో గంట దొరకడమే గొప్ప. దీపావళికి మొదలుపెడితే ధనుర్మాసం నాటికి రెండు, మహా అయితే మూడు పూర్తవుతాయి. పదిమందికీ మాట ఇచ్చి పదిమందినీ నిరాశపరచడం కంటే ఇద్దరికి సక్రమంగా ఇవ్వడం మేలు కదా!

మరి ఆ ఇద్దరూ ఎవరు? వరసలను బట్టి కాక, చలిని బట్టి ఎంచుకోమని నా సలహా. ఎండ వచ్చాక గాని గడప దాటని బంధువులకు మరో కానుక ఏదైనా ఇవ్వవచ్చు. తెల్లవారకముందే గుడికి వెళ్ళే అత్తగారు, పొద్దున్నే నడకకు వెళ్ళే మామగారు, చలి దేశంలో చదువుకుంటున్న అబ్బాయి - వీరిని ముందు తలుచుకోండి. ఆ తరువాత మన వాకిట్లోకే ఒకసారి చూడండి. మంచులో పాల ప్యాకెట్లు తెచ్చే కుర్రాడు, రాత్రంతా మెట్లకింద కూర్చునే వాచ్‌మన్, చన్నీళ్ళలో చేతులు పెట్టి గిన్నెలు తోమే పనిమనిషి కనిపిస్తారు. బంధువులకు కొత్తవి, పనివాళ్ళకు పాతవి అనే పద్ధతి మనలో పాతుకుపోయింది. ఈ ఏడు రెండింట్లో ఒకటి, ఆమెకు నచ్చిన రంగేదో అడిగి, ఆమె కోసమే అల్లి చూడండి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన దేశంలో ఎందరో స్త్రీలు ముఖమైనా ఎరగని జవాన్ల కోసం స్వెట్టర్లు అల్లి పంపారు. వారు వరస చూడలేదు, చలి చూశారు.

మనిషి తేలితే ఊలు సంగతీ తేలుతుంది. రోజూ బకెట్లో నానబెట్టి ఉతుక్కునేవారికి యాక్రిలిక్ దారం మంచిది. ఎంత ఉతికినా ముడుచుకుపోదు, కాని వేడి ఇస్త్రీపెట్టె తగిలితే పాడవుతుంది. అసలు ఊలు వెచ్చదనం ఎక్కువ, సేవా ఎక్కువే. గోరువెచ్చని నీళ్ళలో మెల్లగా జాడించి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. ఏది ఏదో అనుమానం వస్తే చిన్న దారం ముక్క పళ్ళెంలో పెట్టి వెలిగించండి. అసలు ఊలయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. చల్లారిన తరువాతే ముట్టుకోండి సుమా!

కొలతలు రాసుకోండి. డబుల్ నిట్టింగ్ దారం 200 గ్రాములు, 4 మిల్లీమీటర్ల సూదులు - పాత లెక్కలో 8 నంబరు. దారమంతా ఒకేసారి కొనండి. ఉండల చీటీలమీద రంగు లాటు నంబరు ఒకటేనా అని చూసుకోండి. లేకపోతే మధ్యలో రంగు తేడా తెలుస్తుంది.

43 కుట్లు వేసుకోండి. 2 నిట్, 2 పర్ల్ చొప్పున అల్లుకుంటూ పోయి, చివర 3 కుట్లు మిగిలినప్పుడు 2 నిట్, 1 పర్ల్ అల్లండి. ప్రతి వరుసా ఇంతే, గుర్తు పెట్టుకోవలసింది వేరే ఏమీ లేదు. రెండువైపులా ఒకేలా గాళ్ళు పడి, అంచులు చుట్టుకోకుండా ఉంటాయి. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా అల్లితే మాత్రం అంచులు గొట్టంలా చుట్టుకుపోతాయి, మఫ్లరుకు అది పనికిరాదు. 60 అంగుళాలు కాగానే బిగించకుండా వదులుగా ముగించండి.

చివరిగా ఒక జాగ్రత్త. స్కూటరు నడిపేవారికి కుచ్చులు పెట్టకండి. పొడవు కూడా తగ్గించి, కొసలు చొక్కాలోకి దోపుకొనేటట్టు చెయ్యండి. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927లో మెడలోని పొడుగాటి స్కార్ఫు కారు చక్రంలో చిక్కుకునే మరణించింది. పసిపిల్లలకైతే మఫ్లరు వద్దే వద్దు, ఆ దారంతో చెవులు మూసే టోపీ అల్లండి.

బజారులో రెడీమేడ్ మఫ్లరు చవగ్గానే దొరుకుతుంది, నిజమే. కాని అది ఎవరి మెడ కోసమో నేసినవారికి తెలియదు. మీకు తెలుసు. ఊలు సంచి దించేముందు ఆ పేరొకటి మనసులో అనుకోండి.

సెలవు.