నీతి యెట్లు అలవడును?



నీతి పుట్టుకతో వచ్చునా, చదువుతో వచ్చునా అను ప్రశ్న మిక్కిలి పాతది. శతకపద్యములు వల్లించిన ప్రతివాడును నీతిమంతుడైనచో ఆంధ్రదేశమున న్యాయస్థానములకు పనియే ఉండకపోవును. వినిన మాట నడవడిగా మారుటకు మఱియేదో కావలెను. అది యేమో కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితమున కొంత స్పష్టముగా గోచరించును.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవయేటనే తండ్రి గతించెను. పెద్దవాడగునప్పటికి ఆ యువకుని యెదుట ప్రభుత్వోద్యోగమను రాచబాట యుండెను. లంచము లేనిదే ఆనాడు అందు ప్రవేశము దుర్లభము. ప్రవేశించిన పిమ్మట లంచము ముట్టక నిలుచుట అంతకన్న దుర్లభము. కావున వలదనుకొనిరి. ఉద్యోగుల సభలో ఈ ముచ్చట చెప్పుట సాహసమే కావచ్చును! వకీలు వృత్తిని గూర్చియు ఆలోచించిరి. అసత్యమాడక అది సాగదని తోచి దానిని సైతము విడిచిరి. ఆ వృత్తిలో సత్యవంతులు లేకపోలేదు. ఆ యువకునకు కానవచ్చినది మాత్రము అది. తుదకు మిగిలినది బడిపంతులు పని.

ఈ నిరాకరణములకు ఎవరును చప్పట్లు కొట్టలేదు. కాని 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి లంచగొండుల గుట్టు బయటపెట్టినప్పుడు ఆ కలమునకు పదును వచ్చినది వీనివలననే. లంచమిచ్చి కుర్చీ సంపాదించినవానికి ఆ ధైర్యమెక్కడిది?

పాండిత్యమొక్కటియే చాలునందురా? కొక్కొండ వేంకటరత్నము పంతులుగారును మహాపండితులే. స్త్రీవిద్య విషయమున వారు ఎదుటి పక్షమున నిలిచి పత్రికాముఖమున వాదించిరి. విద్వత్తునకు ఇరువురియందును కొఱతలేదు. తీర్పులు మాత్రము వేఱయ్యెను.

అసలు పరీక్ష 1881 డిసెంబరు 11వ తేదీన వచ్చెను. ఆనాడు రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. శిష్యులు వెంట నిలిచిరి. వెంటనే బహిష్కారము వచ్చిపడెను. అంతవఱకు మిత్రులైనవారిలో కొందఱు వెనుకకు తగ్గిరి, ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. వారిని దుర్మార్గులనుట న్యాయము కాదు. వాదము వారికిని నచ్చినదే. అయితే ఇంట పెండ్లికెదిగిన కూతురున్నవానికి, తద్దినమునకు బ్రాహ్మణుడు దొరకనివానికి, వాదము ఒక్కటే ఊతము కాజాలదు. తాను నమ్మినదానికి వెల యెంతయో తెలిసిననాడు మనుష్యుడు ఒంటరిగా ఉండెనా, తోడుండెనా అను దానిమీద చాల ఆధారపడియుండును.

పంతులుగారికి తోడుండెను. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీళ్లు మోసికొనివచ్చిరి, తామే వంట చేసిరి. భర్త వ్రాసిన వ్యాసములు ఎందఱినో ఒప్పించియుండవచ్చును. అవి ఆ పూట పొయ్యి వెలిగింపజాలవు. ఆ యిల్లాలు ఆనాడు పుట్టింటికి పోయియుండిన పక్షమున, మఱునాటి పంతులుగారు ఎట్లుండెడివారో ఎవరు చెప్పగలరు? సంస్కర్తల చరిత్రలు వ్రాయువారు ఉపన్యాసముల లెక్క వేయుదురు గాని, ఇట్టి బిందెల లెక్క వేయరు.

అటుపిమ్మటను ఆమె వెనుదీయలేదు. తమ యింట చేరిన బాలవితంతువులకు, 1910లో తాము గతించువఱకు, తల్లియై వండి పెట్టిరి.