అద్దె కాగితం మీద ఎవరి పేరు

(ఉద్యోగాలు చేసుకునే స్త్రీల హాస్టల్లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను పెళ్లి, చట్టం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను లాయరును కాను. ఒక ఆడిటరు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం నాది. చట్టం గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందుకని నాకు తెలిసిన సంగతే చెప్తాను. పెళ్లికి ముందు ఈ ఊళ్లో నేను గడిపిన పది నెలల సంగతి. 2024 జనవరిలో ఒంగోలు నుంచి వచ్చాను. నవంబరులో పెళ్లయింది. ఆ మధ్యకాలంలో బస్సు కండక్టరు దగ్గర్నుంచి రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా వరకూ అందరూ నన్నడిగింది ఒకటే - "మీ అడ్రసేంటి?"

మొదటిసారి అడిగింది కండక్టరే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా. నేను వచ్చి నెల కూడా కాలేదు. ఎస్.ఆర్. నగర్‌లో బస్సెక్కి అందరితోపాటు నేనూ ఆధార్ కార్డు చూపించాను. ఆమె చూసి, "ఇది ఆంధ్ర కార్డమ్మా, టికెట్ తీసుకో" అంది. ఆవిడ తప్పేం లేదు, రూలే అంత. పక్కసీటు ఆవిడకు జీరో టికెట్, నాకు డబ్బుల టికెట్. ఇద్దరం ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం! డబ్బు పెద్ద సంగతి కాదుగాని, నేను పనిచేస్తున్నది, తింటున్నది, పడుకుంటున్నది ఇక్కడైతే, కాగితం మీద మాత్రం ఒంగోల్లో మా నాన్న ఇంట్లో ఉన్నానని ఆరోజు అర్థమైంది.

హాస్టల్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గదికి ముగ్గురు, తొమ్మిదిన్నరకి గేటు తాళం, సోమవారం టమాటా పప్పు, మంగళవారం అదే పప్పు నీళ్లెక్కువై. ఆడిటు రోజుల్లో ఆఫీసులో ఆలస్యమైతే వార్డెన్ మా నాన్నకు ఫోన్ చేసేది. నాకు చెయ్యదు, మా నాన్నకు చేస్తుంది. ఇరవయ్యేడేళ్లు నాకు. ఒకసారి అడిగాను, ఫోన్ నంబరు నాదీ ఇచ్చాను కదా అని. "గార్డియన్ కాలమ్‌లో ఉన్న నంబరుకే చేస్తాం" అంది. హాస్టల్ ఇచ్చిన రశీదు మీద పేరు, గది నంబరు తప్ప ఏం లేవు. అది పట్టుకెళ్తే బ్యాంకులో తీసుకోలేదు, ఇంకెక్కడా తీసుకోలేదు.

అప్పటికే నేనూ అతనూ పెళ్లి చేసుకోవాలని నిర్ణయించుకున్నాం. అతనిది హనుమకొండ, క్రైస్తవ కుటుంబం. మాది కాదు. మతం మార్చుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలనుకున్నాం. అతను కూకట్‌పల్లిలో నలుగురు స్నేహితులతో ఒక గదిలో ఉండేవాడు. ఆ గది కాగితం ఇంకో స్నేహితుడి పేరున ఉంది.

మే నెలలో ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. పెళ్లికి ముందే ఒక చోట స్థిరపడితే, తర్వాత ఇద్దరం అందులోనే ఉండొచ్చని. టు-లెట్ బోర్డు కనపడగానే లోపలికెళ్లడం. ఎంత అద్దె, మంజీరా నీళ్లు వస్తాయా అని నేను అడిగేలోపే వాళ్ల ప్రశ్నలు మొదలయ్యేవి. ఎంతమంది? ఒక్కదాన్నే. పెళ్లి కాలేదా? నిశ్చయమైంది. అబ్బాయేం చేస్తాడు? మీరెవరు? వెజ్జా, నాన్‌వెజ్జా? ఈ చివరి ప్రశ్న తిండి గురించి కాదని మీకు తెలుసు. ఒకాయన అన్నీ విని, "మీవారిని తీసుకురండమ్మా, మాట్లాడదాం" అన్నాడు. ఇంకా నావారు కాలేదండీ అంటే, "అయ్యాకే రండి" అన్నాడు. బ్యాచిలర్లకు ఇవ్వం అని ఇంకొకరు. ఆ మాట మగపిల్లలకే అనుకునేదాన్ని.

పదకొండో ఇల్లు ఎర్రగడ్డలో దొరికింది. (ఎర్రగడ్డ అనగానే మా ఒంగోలు చుట్టాలు ఎందుకు నవ్వారో మీకు చెప్పక్కర్లేదు. రైతుబజారు ఉంది, మెట్రో ఉంది, నాకు చాలు.) రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు, ఎనిమిదిన్నర వేల అద్దె, రెండు నెలల అడ్వాన్సు. ఇంటావిడ భర్త పోయి చాలా ఏళ్లయింది, ఒక్కతే ఉంటుంది. ఆమె కూడా మొదట, "పెండ్లి అయినంక ఇద్దరు రాండ్రి బిడ్డా, ఇస్త" అంది. నేను కదల్లేదు. మెట్ల మీద కూర్చుని మంచినీళ్లడిగాను. తాగుతూ అడిగాను, ఆంటీ, ఈ ఇల్లు ఎవరి పేరునుంది అని. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. భర్త పోయాక ఆ ఇంటిని తన పేరుకు మార్పించుకోవడానికి మరుదులతో ఆమె ఎన్నేళ్లు పోరాడిందో ఆ సాయంత్రం గంటన్నర చెప్పింది. అయినా చివర్లో, "మరి మీ నాయినొచ్చి సంతకం పెడ్తడా?" అని అడిగింది చూడండి! అన్నీ అనుభవించిన మనిషికి కూడా ఆడపిల్ల సంతకం ఒక్కటే ఉంటే ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. జీతం నాది, అద్దె కట్టేది నేను, సంతకం కూడా నాదే పెడతాను ఆంటీ అన్నాను. ఒప్పుకుంది. పెళ్లయ్యేదాకా ఆ అబ్బాయి చీకటిపడ్డాక రాకూడదని ఒక షరతు నోటిమాటగా పెట్టింది. అదీ కాగితం మీద రాయండి అంటే నవ్వింది.

ఇక్కడ ఒక చిన్న విషయం. అద్దె ఒప్పందాలన్నీ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో నేను ఆడిటరు ఆఫీసులో పనిచేస్తూ కూడా అప్పటిదాకా ఆలోచించలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు. దాన్ని మళ్లీ మళ్లీ కొత్తగా రాయించుకోవాలి. అది గుర్తుపెట్టుకోకపోతే చేతిలో ఉన్నది చెల్లని కాగితమే. స్టాంపు పేపరు మీద "అద్దెకు తీసుకొనువారు" అన్న చోట నా పేరు, తర్వాత "తండ్రి పేరు". అది తప్పలేదు. భర్త పేరు రాసే గడి మాత్రం టైపు చేసే అతనితో కొట్టేయించాను.

జూన్‌లో ఇంట్లోకి వచ్చాను. ఒక చాప, రెండు బకెట్లు, ఒక కుక్కరు. గ్యాసు కనెక్షన్ వచ్చేదాకా అయిదు కిలోల చిన్న సిలిండరుతో నడిపాను. దానికి అడ్రసు రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. అడ్రసు లేనివాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో ఆ చిన్న సిలిండర్ల దుకాణం ముందు నిలబడితే తెలుస్తుంది. ఫ్రిజ్జు, మంచం నెమ్మదిగా కొన్నాను. మా అమ్మ ఫోన్లో, "సారె కింద మేం కొనిపెట్టాల్సినవి నువ్వే కొనుక్కుంటున్నావేంటే" అని బాధపడింది. ప్రతి బిల్లూ నా పేరున రాయించుకుని ఒక ఫైల్లో పెట్టాను. ఇది మాత్రం మీరందరూ చెయ్యండి. స్త్రీ తన సొంత ఆస్తిని అత్తింటివాళ్ల దగ్గర ఉంచినంతమాత్రాన అది వాళ్లది కాదని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. కానీ ఆ వస్తువు మనదని చూపించుకోవాల్సి వచ్చినప్పుడు బిల్లు లేకపోతే మాట మీద మాటే మిగులుతుంది.

ఇంక ఆధార్ అడ్రసు. అద్దె కాగితం చూపించి గ్యాసు, బ్యాంకు మార్పించుకున్నాను. ఆధార్ దగ్గర రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి, ఫోటో మీద మేనేజరు సీలూ సంతకమూ ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు తీసుకెళ్తే అయింది. ఇంత తిరుగుతుంటే అతనన్నాడు, "పెళ్లయ్యాక ఎలాగూ మళ్లీ మార్చాలి కదా, ఇప్పుడెందుకీ తిప్పలు?" అని. మంచివాడండీ, ఆదివారం వచ్చి గిన్నెలు కడిగి మరీ వెళ్లేవాడు. అయినా ఆ మాట అన్నాడు. పెళ్లయ్యాక నేనెందుకు మార్చాలి అని అడిగాను. అతను కూకట్‌పల్లిలో తన ఆఫీసుకు దగ్గరగా పెద్ద ఇల్లు చూద్దామనుకున్నాడు, తన పేరున. అది నాకు చెప్పకపోవడంలో దురుద్దేశం లేదు. చెప్పాల్సిన విషయమని అతనికి తోచలేదు, అంతే. రెండు వారాలు మాటల్లేవు. పెళ్లే ఆగిపోతుందేమో అనుకున్నాను. చివరికి అతనే వచ్చి, ఎర్రగడ్డ నుంచి తన ఆఫీసుకు మెట్రోలో ఎంతసేపు పడుతుందో లెక్క రాసుకొచ్చి చూపించాడు.

ఆ తిప్పలెందుకో తర్వాత ఇద్దరికీ తెలిసొచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలంటే, ఇచ్చే తేదీకి ముందు కనీసం 30 రోజులు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో నివసించి ఉండాలి. అతనికి ఇక్కడ చూపించడానికి కాగితమే లేదు. నా అద్దె కాగితం మీదే మా పెళ్లి నడిచింది. నోటీసు బోర్డు మీద అంటించి ఇంకో 30 రోజులు ఆగుతారు. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అయితే ఇష్టం లేదనో, కులం కాదనో, మతం కాదనో చెప్తే చెల్లదు. ఇదివరకే బతికున్న భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, మానసిక స్థితి, నిషేధించిన బంధుత్వం - ఇవే కారణాలు. వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడితే కుటుంబం అనుమతి అవసరం లేదని 2018లో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది కూడా.

కానీ ఆ నోటీసు బోర్డు ఉందే, అది మామూలుది కాదు. హిందూ వివాహ చట్టం కింద చేసుకునేవాళ్లకు ఈ ముప్పై రోజుల ఎదురుచూపు లేదు. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునేవాళ్లకే. పేర్లు, అడ్రసులు గోడ మీద పెట్టి ఎవరికి చెప్తున్నట్టు? ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలకు ఆ ముప్పై రోజులు ప్రాణం మీదకి రావొచ్చు. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు నోటీసు ప్రచురణ ఆ జంట ఇష్టానికే వదలాలంది. మా నోటీసు మాత్రం గోడెక్కింది. పైగా శాశ్వత నివాసం ఇంకో జిల్లాలో ఉంటే, ఆ జిల్లా వివాహ అధికారికి కూడా ఒక ప్రతి పంపాలని చట్టంలో ఉంది. అంటే ఒంగోలుకి. మా నాన్నకు అప్పటికి ఏమీ తెలియదు. అమ్మకు సగం తెలుసు.

గోడ చెప్పేముందు నేనే చెప్పాలనుకున్నాను. శుక్రవారం సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లవారుజామున ఇంటికి చేరి, నాన్న కాఫీ తాగుతుంటే చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాలాసేపు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఆ ఇల్లు ఎవరి పేరునుంది?" అన్నాడు. నా పేరున నాన్నా అన్నాను. లోపలికెళ్లిపోయాడు. ఒప్పుకున్నట్టు కాదు అది. ఇవాళ్టికీ ఒప్పుకున్నాడని నేననుకోను. కానీ ఎక్కడికో పోతున్న పిల్లలా కాకుండా, ఒక చోట ఉన్న మనిషిలా నన్ను చూసింది అప్పుడే.

పెళ్లి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అమ్మ పంచాంగం చూసి ఒక ముహూర్తం చెప్పింది. అది ఆదివారం. రిజిస్ట్రారుకు సెలవు. మంగళవారం చేసుకున్నాం, అది ఇంకా ఘోరం ఆవిడ దృష్టిలో. అయినా వచ్చింది. ముగ్గురు సాక్షులు కావాలి. హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి, అతని స్నేహితుడు, మూడోది మా అమ్మ. పేరు పూర్తిగా రాయమంటే ఆమె చెయ్యి వణికింది. నాన్న బయట టీ కొట్టు దగ్గరే ఉండిపోయి, ఫోటోకి మాత్రం లోపలికొచ్చాడు.

ఇప్పుడు నాకు ఇక్కడి బస్సులో జీరో టికెట్. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం అయ్యింది. అక్కడివాళ్లకే కాబట్టి, ఒంగోలు వెళ్తే నేను టికెట్ కొంటున్నాను.

ఇంకొక్కటి చెప్పి కూర్చుంటాను. పెళ్లయ్యాక అతను తన ఆధార్ అడ్రసు మార్చుకోవాలి. కుటుంబ పెద్ద అడ్రసును మిగతావాళ్లు వాడుకునే పద్ధతి ఒకటి 2023లో వచ్చింది. కుటుంబ పెద్ద అంటే మగవాడే కానక్కర్లేదు, పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరైనా కావచ్చు. పెళ్లి సర్టిఫికెట్ పెట్టి, యాభై రూపాయలు కట్టి, అతను నన్ను కుటుంబ పెద్దగా చూపించి దరఖాస్తు చేశాడు. నేను సరేనని ఒప్పుకోవాలి, అప్పుడే మారుతుంది. ఆ ఒప్పుకోలు కోసం నా ఫోనుకు ఓటీపీ వచ్చేసరికి నేను చేపల పులుసు పెడుతున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి "నొక్కావా? నొక్కావా?" అని అడుగుతున్నాడు. చింతపండు చేతులు, ఆగమన్నాను.

ఇంతే. మీరేమైనా అడగండి. అద్దె కాగితం నమూనా కావాల్సినవాళ్లకు నా ఫైల్లో ఉంది, జిరాక్స్ తీయించుకోవచ్చు.