చికిత్స గుంటూరులో, రోగి రేపల్లెలో
(తెనాలిలో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ అనే మాటను పలకడానికి ఇప్పటికీ మన ఇళ్లలో జంకుతారు. ‘ఆ జబ్బు’ అంటారు, గొంతు తగ్గిస్తారు. మేము ఈ వేదిక మీద మందుల గురించి మాట్లాడబోవడం లేదు. అది వైద్యుల పని. రోగి ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి తిరిగి ఇంటికి చేరే దారి గురించి మాత్రమే మాట్లాడతాం. ఆ దారి పొడవునా మనం చేయగలిగినది చాలా ఉంది.

తెలుగువారికి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అనగానే గుర్తుకు వచ్చేది హైదరాబాదులోని ఎం.ఎన్.జె. 1955లో వెలసిన ఆ సంస్థ మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్నది. ఆయన తర్వాతి కాలంలో గుజరాత్‌కు మొదటి గవర్నరయ్యారు. రేపల్లెలో డెల్టా రైలెక్కి అక్కడికి వెళ్లినవారు ఈ సభలోనే ఉండి ఉంటారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ ఆసుపత్రి పొరుగు రాష్ట్రానిదైంది. ఇప్పుడు గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు తోడ్పాటుతో క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. దూరం తగ్గిన మాట నిజమే. కానీ దూరాన్ని కిలోమీటర్లతో కొలిచేది ఆరోగ్యవంతులు. డెబ్బై ఏళ్ల రోగి దాన్ని ఎన్ని బస్సులు మారాలి, ఎవరు తోడు వస్తారు, ఎన్ని రోజుల కూలి పోతుంది అనే లెక్కతో కొలుస్తాడు.

రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే, ప్రయాణానికి మాత్రం పూటంతా పోతుంది. కాబట్టి రేడియేషన్ రోగికి కావలసింది పెద్ద ఆసుపత్రి దగ్గర తలదాచుకునే గది, రెండు పూటల పథ్యపు భోజనం. కీమోథెరపీ సంగతి వేరు. చాలా మందులను రెండు మూడు వారాలకొకసారి, ఒక్క పగటిలో ఎక్కించి ఇంటికి పంపవచ్చు. మొదటి విడత, మోతాదు నిర్ణయం పెద్ద ఆసుపత్రిలో జరిగితే, తర్వాతి విడతలు సొంత ఊరికి దగ్గరలో శిక్షణ పొందిన సిబ్బంది ఇవ్వవచ్చు. అందుకే 2025–26 కేంద్ర బడ్జెట్‌లో, మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నింటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఏడాదే 200 ప్రారంభిస్తామని ప్రకటించారు.

ఇక్కడే మన ప్రాంతపు చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. జిల్లా ఆసుపత్రి ఉన్న తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద రేపల్లె రోగి బాపట్ల వైపు చూడాలి. కానీ రేపల్లెలో రైలెక్కితే ముందు వచ్చేది తెనాలే, బాపట్లకు నేరుగా రైలు లేదు. జిల్లా సరిహద్దును గీసినవారు రోగుల కోసం గీయలేదు, అందుకు వారిని తప్పుపట్టలేం. కానీ క్యాన్సర్ సేవలను ఆ గీత వెంట పంచితే తప్పుపట్టవలసి వస్తుంది. తెనాలి ఆసుపత్రిలో పెట్టే కేంద్రం రేపల్లె డివిజన్ రోగులను కూడా చేర్చుకోవాలని, బాపట్లలో మరొకటి ఉండాలని, రెండింటికీ గుంటూరుతో రికార్డులు కలిసి ఉండాలని మేము కోరుతున్నాం.

ఇక కాగితాల సంగతి. ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాల మధ్య గడిపినవారికి ఇది చిన్న విషయంగా తోచదు. మన ఇంటిపేరు ఒక కార్డులో ‘షేక్’, మరొక కార్డులో ‘ఎస్.కె.’. అమ్మ పేరు ఆధార్‌లో ‘బేగం’, రైస్ కార్డులో ‘బీ’. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో క్యాన్సర్ చికిత్సకు అనుమతి కావాలంటే ఆ పేర్లు కలవాలి. గడ్డ ఉందని తెలిసిన రోజున సచివాలయానికి పరుగెత్తితే వారాలు పోతాయి. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం ప్రకటించింది. వయసును ఆధార్ చెబుతుంది. మన పెద్దలలో ఎందరికో పుట్టిన తేదీ జనవరి 1గా, నమోదు చేసినవాడి అంచనాగా పడి ఉంది. నిజంగా డెబ్బై రెండేళ్ల మనిషి కార్డులో అరవై ఏడుగా ఉంటే ఆ పథకం ఆయనకు ఐదేళ్లు ఆలస్యంగా వస్తుంది.

స్త్రీల విషయంలో మన మౌనం మరింత ఖరీదైనది. 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. ముఖద్వారానికి పలుచని ద్రావణం రాసి చూసే పరీక్ష కొద్ది నిమిషాల పని. మహిళా సిబ్బంది, తలుపు ఉన్న గది, ముందుగా చెప్పిన రోజు ఉంటే మన ఇళ్ల నుంచి స్త్రీలు వస్తారు. పర్దా అడ్డం అని రాసుకుని వెళ్లిపోయే సర్వేలను మేము అంగీకరించం. జర్దా పాన్, ఖైనీ, గుట్కా అలవాటున్న మగవారికి మాత్రం ఏ సాకూ లేదు. నోట్లో మానని పుండు మూడు వారాలు దాటితే చూపించుకోవలసిందే.

నయం కాని దశకు చేరినవారి గురించి ఎవరూ మాట్లాడరు. వారిలో వృద్ధులే ఎక్కువ, పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటారు. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ దగ్గర మొదలైన నొప్పి నివారణ క్లినిక్ మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు ఉద్యమంగా మారింది. పాఠశాల పిల్లల నుంచి దుకాణదారుల వరకు కార్యకర్తలయ్యారు, నర్సు ఇంటింటికీ వెళ్లింది. 2008లో ఆ రాష్ట్రం దాన్ని తన విధానంగా ప్రకటించింది. నొప్పికి వాడే మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు చిక్కులను 2014 సవరణ చాలావరకు సడలించింది. అది హరామ్ కదా అని సందేహించేవారికి ఉలమాలు ఈ వేదికపైనే సమాధానం చెప్పాలని మా విన్నపం. అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుందన్న ఫిఖ్ సూత్రం మనకు కొత్తది కాదు.

డబ్బు గురించి ఒక మాట. జకాత్ రంజాన్‌లో వస్తుంది, జబ్బుకు నెల లేదు. మసీదు కమిటీలు ఆ నిధిలో కొంత ఏడాది పొడవునా రోగుల ప్రయాణానికి, గది అద్దెకు విడిగా ఉంచాలి. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాలు చెబుతారు. సదకాకు ఆ హద్దు లేదు. పక్కింటి హిందూ, క్రైస్తవ రోగిని మన బండిలో గుంటూరుకు తీసుకువెళ్లడానికి దాన్ని వాడదాం.

డే కేర్ కేంద్రం కోసం కలెక్టర్లిద్దరికీ ఇవ్వవలసిన వినతిపత్రం సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి. బయట బల్ల దగ్గర మా కార్యకర్తలు అసర్ నమాజు వరకు ఉంటారు. ఆధార్, రైస్ కార్డుల జిరాక్సులు తెచ్చినవారు పేర్లు, పుట్టిన తేదీలు ఇవాళే సరిచూపించుకోవచ్చు. తేనివారు ఇంట్లో పెద్దల కార్డులు తీసుకుని వచ్చే శుక్రవారం జుమా తర్వాత రండి.