చాపకూడు, దస్తర్‌ఖాన్

(నరసరావుపేటలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాడులోని దర్శనీయ స్థలాల గురించి, ఇక్కడి భోజనం గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. వక్ఫ్ భూముల సమస్య ఉంది, చదువుల సమస్య ఉంది, ఉపాధి సమస్య ఉంది. ఇన్నింటి నడుమ విహారయాత్రల ముచ్చట దేనికని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక ప్రాంతంలో మనకు ఓటు ఉండటం ఒక హక్కు. ఆ ప్రాంతపు కొండను, కోటను, తిరునాళ్ల వీధిని, పూటకూళ్ల ఇంటిని ఇవి మావి కూడా అని సంకోచం లేకుండా అనుకోగలగడం మరొక హక్కు. ఈ రెండవదాన్ని ఎవరూ మన నుంచి లాక్కోకముందే మనమే వదులుకుంటున్నామేమోనన్నది నా భయం.

పల్నాడు 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది. ఇందాక ఈ సభలో నాగార్జునకొండ చూసినవారిని చేతులెత్తమన్నాను. చార్మినార్ చూసినవారు ఎందరో ఉన్నారు, గల్ఫ్ దేశాలు చూసి వచ్చినవారూ ఉన్నారు. కానీ మన జిల్లాలోని ఆ దీవిని చూసినవారి చేతులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే లేచాయి. భూమిమీద సంచరించి, గతించిన జాతుల జాడలను చూసి గుణపాఠం తీసుకొమ్మని దివ్య ఖుర్ఆన్ పదేపదే చెబుతుంది. అటువంటి జాడలు మన గడపముందే ఉన్నాయి.

మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరితే అక్కడినుంచి లాంచీలో నాగార్జునకొండకు పోవచ్చు. సాగర్ జలాశయంలో ఆ లోయ మునగకముందు, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని విప్పి, కొండమీదికి తెచ్చి తిరిగి నిలబెట్టారు. మూడవ శతాబ్దిలో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజులలో మొదటివాడు వైదిక యజ్ఞాలు చేశాడు. ఆయన సోదరి బౌద్ధ మహాచైత్యానికి పోషకురాలైంది. సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం కూడా అక్కడ ఒక విహారం ఉండేది. ఒకే ఇంట రెండు విశ్వాసాలు, ఒకే లోయలో పరదేశి అతిథులకు నివాసం! పదిహేడు వందల ఏళ్లనాటి ఈ సంగతిని శాసనాలే చెబుతున్నాయి. మన పిల్లలకు ఇంతకంటె మంచి పాఠం ఏ తరగతి గదిలో దొరుకుతుంది? శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు కనుక జుమా నాడు కాక మరొక రోజున బయలుదేరండి. తిరుగుదారిలో ఎత్తిపోతల జలపాతం చూడండి.

ఇటు తూర్పున కొండవీడు ఉంది. రెడ్డిరాజుల రాజధానిగా అది అందరికీ తెలుసు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించాడు. అదే శతాబ్ది చివర గోల్కొండ కుతుబ్‌షాహీల వశమై, ముర్తజానగర్ అన్న పేరు పొందింది. ఆ పేరు ఈనాడు మన ఇళ్లలో ఎందరికి తెలుసు? పాలకుల పేరు చెప్పుకొని మురిసిపోవాలని కాదు నా ఉద్దేశం. ఒక కోట కథలో ఒక అధ్యాయం మాసిపోతే ఆ కథ అందరికీ అసంపూర్ణమే అవుతుందని చెబుతున్నాను.

ఇక భోజనం సంగతి. కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథ మహాకవి పల్నాటికి వచ్చి, ఇక్కడి జొన్నకూడు తినలేక విసుగుకొన్నట్లు ఆయన పేర చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. సన్నబియ్యం అలవాటైన కవిగారికి అది రుచించకపోవచ్చు. పల్నాటి రైతును, కూలీని తరతరాలుగా నిలబెట్టింది మాత్రం ఆ జొన్నే. ముస్లిం ఇంటనైనా, హిందువుల ఇంటనైనా రొట్టె అదే, గోంగూర అదే, మిరపకారం అదే. మన వంటింట ఆ జొన్నరొట్టె పక్కన ఖీమా చేరింది, గోంగూరలో మాంసం చేరింది. పెళ్లివిందులో బిర్యానీ, దాల్చా చేరాయి. రంజాన్ పండుగనాడు శాకాహారులైన పొరుగువారి కోసం వేరే గిన్నెలో సేమియా వండి పంపే తల్లులు ఈ సభలో ఎందరో ఉన్నారు. ఆ వేరే గిన్నె ఎదుటివారి నియమం పట్ల చూపే గౌరవం. మనం హలాల్ కావాలని అడిగినప్పుడు కోరేదీ అటువంటి గౌరవాన్నే.

ఈ నేలకు సహపంక్తి భోజనం కొత్త కాదు. పన్నెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడు చాపకూడు పేరిట అన్ని కులాలవారిని ఒకే పంక్తిన కూర్చుండబెట్టాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. మాల కన్నమదాసును ఆయన సేనానిగా చేశాడు. నేటికీ కారెంపూడిలో కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవాలలో, మందపోరు నాడు చాపకూడు పెడతారు. అక్కడి ఆరాధనలో పాల్గొనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. మన విశ్వాసం మనది. అయితే చాపమీద అందరినీ కూర్చుండబెట్టిన ఆలోచన, దస్తర్‌ఖాన్ పరచి యజమానిని, సేవకుణ్ణి పక్కపక్కన కూర్చోమన్న మన సంప్రదాయం ఒకదానికొకటి పరాయివి కావు. వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించిన మహాకవి గుర్రం జాషువా పర్షియన్ కవి ఫిరదౌసి కథను తెలుగు కావ్యంగా మలచారు. ఆ కావ్యంలో ఒక అవమానితుడి బాధను మరొక అవమానితుడు గుర్తించాడు. ఇదీ పల్నాటి వారసత్వమే.

అన్నం ముందు మనిషి పేరు అడగడం ఈ కాలంలో పెరుగుతోంది కనుకనే ఇదంతా చెప్పవలసి వచ్చింది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కాఁవడ్ యాత్ర దారిలో ఉన్న భోజనశాలలు యజమానుల పేర్లు ప్రదర్శించాలని అధికారులు ఆదేశించారు. జులై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. ఏ రకం ఆహారం పెడుతున్నారో చెప్పమనవచ్చును గాని యజమానుల పేర్లు ప్రదర్శించాలని బలవంతం చేయరాదని మధ్యంతర ఉత్తర్వులో స్పష్టం చేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారైన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి, తాను కేరళలో ఉన్నప్పుడు ఒక ముస్లిం నడిపే శాకాహార హోటలుకు అక్కడి పరిశుభ్రత చూసి వెళ్లేవాడినని విచారణలో చెప్పారు. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ ఖండం మతం, కులం వంటి కారణాలతో ఏ పౌరుడినీ దుకాణాలలోనికి, భోజనశాలలలోనికి, హోటళ్లలోనికి రాకుండా ఆపరాదని శాసిస్తోంది. కూడు, చూడముచ్చటైన చోటు రెండూ పౌరహక్కులేనని మన రాజ్యాంగ నిర్మాతలు ఎరిగి ఉన్నారు.

ఒక చేదుమాట కూడా చెప్పాలి, మన్నించండి. మన పంక్తిలో అందరూ ఉన్నారా? దూదేకుల, నూర్‌బాషా సోదరులను, ఫకీర్లను, హజాం కుటుంబాలను మన పెళ్లివిందులలో ఎక్కడ కూర్చుండబెడుతున్నాం? సమానత్వం గురించి ఇతరులను ప్రశ్నించేవారి దస్తర్‌ఖాన్ మొదట నిండుగా పరచి ఉండాలి.

2024 ఎన్నికల తరువాత పల్నాడు పేరు దేశమంతా ఘర్షణల వార్తలలో వినబడింది. బయటివారు మన జిల్లాను ఆ వార్తలతోనే గుర్తుపెట్టుకోకూడదనుకుంటే, దానిని మరొక విధంగా చూపించవలసినవాళ్లం ఇక్కడ పుట్టినవాళ్లమే. అందుకు మూడు పనులు కోరుతున్నాను. మొదటిది, ఈ సెలవులలో ప్రతి కుటుంబమూ పిల్లలను వెంటబెట్టుకొని కొండవీడు, గురజాల, కారెంపూడి, మాచర్ల, నాగార్జునకొండ చూసి రావాలి. వీలైతే పొరుగింటి పిల్లలనూ తీసుకువెళ్లాలి. రెండవది, మీ ఊరి పాత మసీదు, దర్గా, ఖబ్రస్తాన్, వాటి శాసనాలు, వృద్ధులు చెప్పే సంగతులు ఫొటోలతో సహా ఒక నోటుపుస్తకంలో రాయించాలి. ఆ పుస్తకం చేతిలో ఉంటే జిల్లా పర్యాటక పటంలో చోటు కోసం అధికారుల ముందు నిలబడి అడగగలుగుతాం. మూడవది, ఏడాదికొకసారైనా పండుగనాడు వీధిలో దస్తర్‌ఖాన్ పరచి అన్ని కులాల, మతాల పొరుగువారిని పిలవాలి. శాకాహారులకు ప్రత్యేకంగా వండాలి. వచ్చినవారి పేరు కాదు, ఆకలి అడగాలి.

అతిథులుగా ఎక్కడ ఆదరిస్తారోనని ఎదురుచూడటం మనకు అలవాటైపోయింది. ఈ గడ్డమీద మనం ఆతిథేయులం కూడా. నేటి భోజనాల వేళ మాచర్ల నుంచి వచ్చినవారు నరసరావుపేటవారి పక్కన, యువకులు పెద్దల పక్కన, వంటచేసినవారు మన అందరి పక్కన కూర్చుంటే నా ప్రసంగం సార్థకమైనట్టే.

వస్సలాం.