పాలిచ్చే తల్లికి కూలి కోత వద్దు

షుగరు కూర్చుని తినేవాళ్ళ జబ్బే కాదు, మిరప కోతల్లో నడుం వంచే మనకూ వస్తోంది. బిడ్డకు ఆరు నెలలు, ఆపైన పాలిచ్చిన తల్లుల్లో, అసలివ్వని వాళ్ళకంటే షుగరు దాదాపు సగమే కనిపించిందని అమెరికాలో 30 ఏళ్ళు సాగిన పరిశీలన 2018లో చెప్పింది.

మన గుంటూరు, ప్రకాశం చేలల్లో పాలిచ్చే తీరికేది? తల్లి సాలులో, బిడ్డ గట్టుమీద. చేతులకు మిరప ఘాటు. గేదెపాలు పట్టమంటారు. పెద్దాళ్ళకు మజ్జిగ మంచిదే. ఏడాది నిండని బిడ్డకు గేదెపాలు తల్లిపాలకు సాటిరావు.

1961 ప్రసూతి చట్టం ఫ్యాక్టరీ తల్లికి, బిడ్డకు 15 నెలలొచ్చేదాకా, రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం రాసిచ్చింది. చేలో తల్లిని మరిచింది. ఆసాములతో, మేస్త్రీలతో మనమే ఒప్పించాలి: పూటకోసారి విరామం, చేతులు కడగను నీళ్ళు, నీడ. కూలి కోస్తే కోతకు దిగం!